ఆకు మీది మచ్చకు పేరేమిటి? ఆవ, కనోలా, క్యాబేజీ పంటలపై పాఠకుల ప్రశ్నలు

గత సంచికలో ఆవ పంట గురించి రాస్తూ, ఆకు మీద కనిపించే మచ్చలన్నీ ఒకే తెగులు కావని ఒక వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని ఇటు నిర్మల్ నుంచి అటు కెనడాలోని సాస్కటూన్ దాకా పాఠకులు ఉత్తరాలు రాశారు. ఒకే రకం ప్రశ్నలను కలిపి, ఐదింటికి ఈ నెల సమాధానం ఇస్తున్నాను. ఆవకు, కెనడా, ఆస్ట్రేలియాల్లో నూనె కోసం పండించే కనోలాకు, క్యాబేజీకి చుట్టరికం చాలా దగ్గరిది కనుక ఒకరికి ఇచ్చిన జవాబు మరొకరికీ పనికొస్తుంది. తమ ప్రశ్న కాని భాగాన్ని కూడా చదవమని మనవి.

ప్రశ్న: మాది నిర్మల్ జిల్లా. రెండెకరాల్లో ఆవాలు వేశాను. డిసెంబరు చివర మంచు పడటం మొదలైనప్పటి నుంచి కింది ఆకుల మీద గోధుమ రంగు మచ్చలు వచ్చాయి, ఇప్పుడు అవి కాయల మీదికి పాకుతున్నాయి. పురుగుమందుల దుకాణంలో అడిగితే కార్బెండజిమ్ ఇచ్చారు. పది రోజుల తేడాతో రెండుసార్లు కొట్టినా మచ్చలు ఆగలేదు. మందు నకిలీదా? పక్క చేను ఆయన ఇది తెల్ల తుప్పు అంటున్నారు. రెండాకులు కవరులో పెట్టి పంపుతున్నాను.

సమాధానం: మందు అసలైనదే అయి ఉండవచ్చు. అసలైన కార్బెండజిమ్ కూడా ఈ తెగులు మీద పనిచేయదు. మీరు పంపిన ఆకులను భూతద్దం కింద పెట్టి చూశాను. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాగా మచ్చ లోపల ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు ఉన్నాయి, మచ్చ అంచు చుట్టూ ఆకు పసుపు రంగుకు తిరిగింది, నడుమ భాగం ఎండి కాగితంలా పలచబడింది. ఇది ఆల్టర్నేరియా ఆకుమచ్చ తెగులు. దీన్ని కలిగించే శిలీంధ్రం పేరు ఆల్టర్నేరియా బ్రాసికే. మచ్చ మీదినుంచి గీకిన పొడిని సూక్ష్మదర్శిని కింద చూస్తే, ఒక వైపు లావుగా ఉండి మరో వైపు పొడవైన మెడతో సాగిన, తంబురా ఆకారపు సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రానికి విత్తనాల్లాంటివి, కనిపించాయి. లావు భాగంలో అడ్డంగానూ నిలువుగానూ గోడలు ఉంటాయి కనుక ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తుంది. ఒక్కసారి చూసినవారు ఈ ఆకారాన్ని మరిచిపోవడం కష్టం. శిలీంధ్ర సిద్ధబీజాల్లో ఇవి చాలా పెద్దవి, ఒక్కొక్కటి మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు వరకు పొడవుంటుంది.

కార్బెండజిమ్ ఎందుకు విఫలమైందో తెలుసుకుంటే వచ్చే ఏడాది డబ్బు మిగులుతుంది. శిలీంధ్ర కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను చెరో పక్కకు లాగే సన్నని పోగులు తయారవుతాయి. కార్బెండజిమ్ ఆ పోగులను కట్టే ప్రోటీన్‌కు అతుక్కొని పని చెడగొట్టే మందు. ఆల్టర్నేరియా విషయంలో ఆ దెబ్బ తగలదు, ఈ శిలీంధ్రానికి పుట్టుకతోనే ఆ మందును తట్టుకునే గుణం ఉంది. ఏ మచ్చకైనా ఈ ఒక్క మందే చేతికందించే అలవాటు మన దుకాణాల్లో ఎందుకు స్థిరపడిందో నాకు అర్థం కాదు. చవక కావడం ఒక కారణమేమో.

ఆల్టర్నేరియా మీద పనిచేసే మందుల్లో అందరికీ అందుబాటులో ఉన్నది మాంకోజెబ్. లీటరు నీటికి 2 నుంచి 2.5 గ్రాముల చొప్పున, మొదటి మచ్చలు కింది ఆకుల మీద కనిపించగానే కొట్టాలి. ఇది ఆకు లోపలికి పోయే మందు కాదు, ఆకు పైన పొరలా నిలిచి కొత్తగా వచ్చి పడే సిద్ధబీజాలను మొలకెత్తనివ్వకుండా చేస్తుంది. అందువల్ల ఇప్పటికే పడిన మచ్చ మళ్లీ పచ్చబడదు, పైగా మచ్చలు కాయలకు చేరిన తరవాత మొదలుపెట్టిన పిచికారీకి ఫలితం సగమే ఉంటుంది. ఉత్తర భారతంలో ఆవ పండించే ప్రాంతాల్లో విత్తిన 45 రోజులకు ఒకసారి, 75 రోజులకు మరొకసారి అని లెక్క పెట్టుకోవడం ఇందుకే. మీ చేను కోతకు ఇంకా మూడు వారాలకు మించి ఉంటే ఒక్కసారి కాయలు తడిసేలా కొట్టండి. కొట్టే ముందు డబ్బా మీది లేబుల్ చదివి, పిచికారీకీ కోతకూ మధ్య ఉండవలసిన గడువు చూసుకోండి. కోత దగ్గరపడి ఉంటే మందు ఖర్చు వద్దు, మచ్చలు పడిన కాయలు ముందుగానే పగిలి గింజ రాలుతుంది కనుక ఆ చాళ్లను కాస్త ముందుగా కోసుకోండి.

ఇక పక్క చేను ఆయన చెప్పిన తెల్ల తుప్పు సంగతి. ఆకును తిప్పి అడుగు భాగం చూడండి. తెల్ల తుప్పు అయితే అక్కడ పింగాణీ ముక్కల్లా మెరిసే తెల్లటి బొబ్బలు ఉబ్బి ఉంటాయి. గోటితో గీకితే సున్నం పొడిలా రాలుతుంది. బొబ్బకు సరిగ్గా పైన, ఆకు పై భాగంలో లేత పసుపు మచ్చ ఉంటుంది. తెగులు ముదిరితే పూగుత్తి ఉబ్బి, మెలితిరిగి, జింక కొమ్ములా తయారై ఒక్క గింజ కూడా పట్టదు. మీ ఆకుల అడుగున అలాంటివేమీ లేవు. తెల్ల తుప్పును కలిగించే ఆల్బుగో కాండిడా అసలు సిసలైన శిలీంధ్రమే కాదు, వంశవృక్షంలో అది నాచు జాతులకు దగ్గరి చుట్టం. దాని మీద కూడా కార్బెండజిమ్ పనిచేయదు. అక్కడ విత్తనానికి మెటలాక్సిల్ పట్టించడం, అవసరమైతే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు పిచికారీ చేయడం దారి.

అనుమానం వచ్చినప్పుడు ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. స్టీలు టిఫిన్ డబ్బా అడుగున తడిపి పిండిన పాత గుడ్డ పరిచి, దాని మీద రెండు అగ్గిపుల్లలు పెట్టి, వాటి పైన మచ్చ ఉన్న ఆకును నీరు తగలకుండా ఉంచి మూత పెట్టండి. ఒకటి రెండు రాత్రులు గడిచాక తీసి చూస్తే ఆల్టర్నేరియా మచ్చ మీద ముదురు రంగు నూగు లేచి ఉంటుంది. ఎండ, ఎరువు లోపం, మందు పడి కాలిన మచ్చల మీద అలాంటి నూగు అంత త్వరగా రాదు.

వచ్చే రబీకి మూడు సంగతులు గుర్తుంచుకోండి. తెగులు విత్తనంతోనూ, నిరుటి మోళ్లతోనూ వస్తుంది కనుక మచ్చలు పడిన ఈ చేనులోని గింజను విత్తనానికి ఉంచవద్దు. కిలో విత్తనానికి 3 గ్రాముల థైరమ్ పట్టించండి. అక్టోబరులో విత్తిన చేను కంటే ఆలస్యంగా విత్తిన చేనుకు తెగులు ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే లేత కాయ దశ సరిగ్గా మంచు కురిసే రోజుల్లో వస్తుంది. మందు కొట్టడం ఇష్టం లేనివారికి ఒక మాట: రాజస్థాన్‌లోని భరత్‌పూర్ సమీపాన సేవర్‌లో ఉన్న ఆవ పరిశోధన కేంద్రం వెల్లుల్లి పాయల నీటి సారాన్ని 1 శాతం పాళ్లలో పిచికారీ చేసి చూసింది, ఆకుల మీదా కాయల మీదా తెగులు తగ్గింది. అయితే అది కూడా మచ్చ పడకముందు, పడుతుండగా కొట్టవలసిందే.

ప్రశ్న: నేను కెనడాలోని సాస్కటూన్‌లో ఉంటాను. జూలైలో ఊరు దాటితే కనుచూపు మేర పసుపు రంగు కనోలా పొలాలే. వాటిని చూస్తే అమ్మమ్మగారి ఊళ్లో ఆవ చేలు గుర్తుకొస్తాయి. ఇది మన ఆవ పంటేనా? ఇక్కడ పరిచయమైన ఒక రైతు కుటుంబం ఆకుమచ్చ గురించి అంతగా పట్టించుకోదు గాని, కాండం మొదలు నల్లబడే జబ్బు అంటే మాత్రం హడలిపోతుంది. ఎందుకు?

సమాధానం: మన పోపులో చిటపటలాడే ఆవగింజా, మీ ఊరి కనోలా తల్లి ఒకటే, తండ్రులు వేరైన పిల్లలు. జపాన్‌లో పనిచేసిన కొరియా సంతతి శాస్త్రవేత్త నాగహారు యు 1935లో ఈ చుట్టరికాన్ని క్రోమోజోముల లెక్కతో తేల్చారు. 10 జతల క్రోమోజోములున్న బ్రాసికా రాపా, అంటే తోరియా, టర్నిప్, చైనీస్ క్యాబేజీల జాతి, 8 జతలున్న నల్ల ఆవతో కలిసి 18 జతల మన ఆవ మొక్క పుట్టింది. అదే బ్రాసికా రాపా 9 జతలున్న క్యాబేజీ జాతితో కలిసి 19 జతల బ్రాసికా నేపస్ పుట్టింది. మీరు చూస్తున్న కనోలా ఈ నేపస్సే. మన దేశంలో పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ రైతులు దీన్నే గోభీ సర్సోం పేరుతో పండిస్తారు, పేరులోనే గోభీ ఉంది చూడండి.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆవిరి ఓడల యంత్రాలకు కందెనగా ఈ జాతి నూనె కావలసి వచ్చి కెనడాలో సాగు పెరిగింది. ఆ నూనెలో ఎరూసిక్ ఆమ్లం ఎక్కువ, నూనె తీశాక మిగిలే పిండిలో ఘాటు పదార్థాలు ఎక్కువ. మీ ఊళ్లోనే పనిచేసిన కీత్ డౌనీ, విన్నిపెగ్‌లోని బాల్డుర్ స్టెఫాన్సన్ ఆ రెంటినీ తగ్గించే ప్రజననం చేశారు. 1974లో రెండూ తక్కువగా ఉన్న మొదటి రకం టవర్ విడుదలైంది, 1978లో కనోలా అన్న పేరు నమోదైంది. మన ఆవనూనెలో ఎరూసిక్ ఆమ్లం 40 శాతానికి పైగా ఉంటే, కనోలా అనిపించుకోవాలంటే 2 శాతం దాటకూడదు.

ఆకుమచ్చను మీ పరిచయస్థులు పట్టించుకోకపోవడం వెనుక ఒక చక్కని పరిశోధన ఉంది. ఒకప్పుడు కెనడా రైతులు రెండు జాతులనూ పండించేవారు. రాపాను పోలిష్ రకం అనీ, నేపస్‌ను అర్జెంటీన్ రకం అనీ పిలిచేవారు. ఆల్టర్నేరియా వచ్చినప్పుడు పోలిష్ చేను మాడిపోయేది, పక్కనే ఉన్న అర్జెంటీన్ చేను చాలావరకు నిలిచేది. ఎడ్మంటన్‌లోని అల్బెర్టా విశ్వవిద్యాలయంలో స్కోరోపాడ్, తివారీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1976లో దీనికి కారణాన్ని ఆకు పైపొరలో చూపించారు. నేపస్ ఆకు మీద మైనపు పూత దట్టంగా ఉంటుంది. తామరాకు మీద నీటిబొట్టు నిలవనట్టే ఈ ఆకు మీదా బొట్టు నిలవదు, బొట్టుతోపాటు సిద్ధబీజం కూడా జారిపోతుంది. జారకుండా మిగిలిన సిద్ధబీజానికి మొలకెత్తడానికి కావలసినంత సేపు తడి దొరకదు. ఆ మైనాన్ని తొలగించి చూస్తే అదే ఆకు మీద మచ్చలు పెరిగాయి. క్యాబేజీ ఆకును బొటనవేలితో ఒకసారి రుద్దండి, బూడిద రంగు పోయి నిగనిగలాడే పచ్చదనం బయటపడుతుంది. మీరు తుడిచింది ఆ మైనమే. మన ఆవ ఆకు మీద ఈ పూత పలుచన, నిర్మల్ రైతుగారి కష్టానికి అది కూడా ఒక కారణం. 1990ల తరవాత కెనడాలో పోలిష్ రకం సాగు దాదాపు కనుమరుగై అంతా నేపస్సే కావడంతో, ఆకుమచ్చ అక్కడ వెనకబెంచీకి చేరింది.

ఆ కుటుంబం భయపడేది బ్లాక్‌లెగ్ తెగులుకు. నల్లకాడ తెగులు అనుకోండి. లెప్టోస్ఫేరియా మాక్యులన్స్ అనే శిలీంధ్రం దీన్ని కలిగిస్తుంది. విచిత్రమేమిటంటే ఇది కూడా ఆకుమచ్చగానే మొదలవుతుంది. లేత ఆకు మీద బూడిద తెలుపు మచ్చ, ఆ మచ్చలో మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు. ఆ చుక్కలే ఆల్టర్నేరియాకూ దీనికీ తేడా చెబుతాయి. మచ్చ దగ్గరే ఆగిపోతే నష్టం లేదు గాని, శిలీంధ్రం పైకి ఏ గుర్తూ కనిపించకుండా ఆకు కాడ వెంట కాండంలోకి దిగి, వారాల తరబడి నిశ్శబ్దంగా ఉండి, కాయలు నిండే వేళకు కాండం మొదలును కొరికేస్తుంది. అప్పుడు మొక్క గాలికి విరిగి పడుతుంది. అందుకే నాలుగైదు ఆకుల దశలోపు పడిన మచ్చ అన్నిటికంటే ప్రమాదం. తీవ్రమైన జాతి మీ సాస్కచివాన్ రాష్ట్రంలో 1975లో బయటపడింది. 1990ల్లో తట్టుకునే రకాలు వచ్చేదాకా రైతులు చాలా నష్టపోయారు. ఈ తెగులు తమ పొలాల్లోకి రాకూడదని 2009 నవంబరులో చైనా కెనడా కనోలా గింజల దిగుమతిపై ఆంక్షలు పెట్టింది. ఆకు మీది చుక్క రెండు దేశాల వాణిజ్యాన్ని కదిపిందంటే మీ పరిచయస్థుల భయం అర్థమవుతుంది.

ప్రశ్న: నేను బాపట్లలో వ్యవసాయ శాస్త్రం చదువుతున్నాను. ఆల్టర్నేరియాను పూర్తిగా తట్టుకునే ఆవ రకం ఇంతవరకు ఎందుకు రాలేదు? తెల్ల తుప్పుకు నిరోధక జన్యువు దొరికిందని చదివాను. దీనికి ఎందుకు దొరకదు?

సమాధానం: మీ ప్రశ్న ఈ రంగంలో దశాబ్దాలుగా నడుస్తున్న ప్రశ్నే. తెల్ల తుప్పు జీవి బతికి ఉన్న కణం నుంచి మాత్రమే ఆహారం తీసుకోగలదు. కణం ఆ జీవిని గుర్తుపట్టి తనంతట తాను చచ్చిపోతే అతిథికి తిండి ఉండదు, తెగులు అక్కడితో ఆగుతుంది. ఇలా గుర్తుపట్టే పనిని ఒక్క జన్యువు చేయగలదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం బృందం తూర్పు ఐరోపాకు చెందిన డాన్‌స్కాయా-4 అనే ఆవ రకంలో అటువంటి జన్యువును గుర్తించి 2019లో ప్రకటించింది. మన వరుణ వంటి రకాల్లో ఆ కాపలాదారు లేడు.

ఆల్టర్నేరియా తీరు దీనికి తలకిందులు. అది ముందు కణాన్ని చంపి తరవాత తింటుంది. కణం తనంతట తాను చస్తే దానికి విందు. కనుక ఒక్క జన్యువుతో తలుపు మూసే ఉపాయం ఇక్కడ చెల్లదు. చంపడానికి అది వాడే ఆయుధాల్లో బాగా అధ్యయనం చేసినది డెస్ట్రక్సిన్-బి అనే విషం. మీకు ఈ పేరు కొత్త కావచ్చు గాని, దాని పుట్టిల్లు మీకు తెలిసే ఉంటుంది. కొబ్బరిలో కొమ్ము పురుగుకు, చెరకులో వేరు పురుగుకు మన రైతులు వాడే మెటారైజియం అనే పచ్చ బూజు నుంచే డెస్ట్రక్సిన్లను మొదట వేరుచేశారు. పురుగును చంపే బూజూ, ఆవాకును చంపే బూజూ వంశంలో దూరమైనా ఒకే విషాన్ని తయారుచేస్తున్నాయి. ప్రయోగశాలలో మొదటిసారి ఈ సంగతి తెలిసిన రోజున నేను నమ్మలేక పాఠ్యపుస్తకాన్ని మళ్లీ తిరగేశాను.

ఇప్పుడు విషాన్ని తట్టుకునే మొక్క ఏదన్నది ప్రశ్న. తెల్ల ఆవ, అంటే సినాపిస్ ఆల్బా, ఈ తెగులుకు అంతగా లొంగదు. సాస్కచివాన్ విశ్వవిద్యాలయంలో సోలెదాద్ పెద్రాస్ బృందం 2001లో ప్రచురించిన పరిశోధన దానికి కారణం చూపింది. తెల్ల ఆవ ఆకు డెస్ట్రక్సిన్-బికి ఒక హైడ్రాక్సిల్ సమూహాన్ని చేర్చి, ఆపైన ఒక చక్కెర అణువును తగిలించి విషాన్ని విరిచేస్తుంది. కనోలా, మన ఆవ ఆ పనిని చాలా నెమ్మదిగా చేస్తాయి, అంతలో ఆకు మాడిపోతుంది. ఇంకా ముచ్చటైన సంగతి, విరిగిన ఆ విషపు ముక్కే తెల్ల ఆవకు హెచ్చరికగా పనిచేసి, శిలీంధ్రాన్ని అడ్డుకునే రసాయనాలను ఆకు తయారుచేసేలా చేస్తుంది. కామెలినా సటైవా అనే మరో చుట్టం ఇంకో ఉపాయం పట్టింది. అల్బెర్టా శాస్త్రవేత్తలు ఆల్టర్నేరియా సోకిన కామెలినా ఆకుల నుంచి 1991లో ఒక రక్షక రసాయనాన్ని వేరుచేసి, మొక్క పేరు మీదుగా కామలెక్సిన్ అని పేరు పెట్టారు. తరవాత అదే రసాయనం ప్రయోగశాలల ముద్దుబిడ్డ, ఆవ కుటుంబంలోని చిన్న మొక్క అరబిడాప్సిస్‌లోనూ కనిపించింది. కామలెక్సిన్ తయారుచేయలేని అరబిడాప్సిస్ మొక్కలు క్యాబేజీ మీద వచ్చే మరో ఆల్టర్నేరియాకు సులభంగా లొంగిపోతాయని 1999లో తేలింది.

తెల్ల ఆవ గుణాన్ని మన ఆవలోకి తేవడమే చిక్కు. దాని క్రోమోజోములు 12 జతలు, మన ఆవవి 18. పుప్పొడి చల్లితే గింజ కట్టదు, కట్టినా నిలవదు. అందువల్ల ఢిల్లీలోని పరిశోధకులు రెండు మొక్కల ఆకు కణాల గోడలను ఎంజైములతో కరిగించి, కణాలను ఒకదానితో ఒకటి కలిపి సంకర మొక్కలను పెంచారు. వాటిలో తెగులును తట్టుకునే గుణం కనిపించింది, వాటిని మళ్లీ మళ్లీ ఆవతో సంకరించి దిగుబడి లక్షణాలు తిరిగి రాబట్టే పని నడుస్తోంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 2019లోనే ఆల్టర్నేరియా బ్రాసికే జన్యుపటాన్ని దాదాపు పూర్తిగా ప్రకటించింది. కనుక డెస్ట్రక్సిన్ కాక ఇంకే ఆయుధాలు దాని దగ్గర ఉన్నాయో వెతకడం ఇప్పుడు తేలికైంది. మీరు పరిశోధనలోకి వెళ్లదలిస్తే ఆ వెతుకులాటలోనే పని ఎక్కువ ఉంది. తెల్ల తుప్పు దారిలో ఇప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని విమ్మెరా ప్రాంతంలో ఒక ధాన్యం కంపెనీలో పనిచేస్తున్నాను. ఇక్కడ కనోలా రైతులు ఒక రకం బాగా పండుతున్నా మూడేళ్లకు మార్చేస్తారు, నిరుటి కనోలా పొలం పక్కన ఈ ఏడాది వేయరు. మన దగ్గర మంచి విత్తనాన్ని పదేళ్లయినా వదలం కదా?

సమాధానం: దీని వెనుక రెండు గాయాలు ఉన్నాయి. 1970ల మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో అప్పుడే వేళ్లూనుకుంటున్న ఈ పంటను బ్లాక్‌లెగ్ తుడిచిపెట్టింది, మళ్లీ లేవడానికి చాలా ఏళ్లు పట్టింది. రెండో గాయం 2003 నాటిది. 2000లో విడుదలైన సర్పాస్ 400 అనే రకంలో ఒకే ఒక ప్రధాన నిరోధక జన్యువు ఉండేది, దానికి బ్లాక్‌లెగ్ సోకదని రైతులు ఎగబడి వేశారు. మూడేళ్లు తిరక్కుండా దక్షిణ ఆస్ట్రేలియాలోని ఐర్ ద్వీపకల్పంలో ఆ రకం చేలు నేలకొరిగాయి, కొన్ని పొలాల్లో నష్టం 90 శాతానికి చేరింది.

అంత త్వరగా ఎలా ఓడిపోయింది అన్నదానికి 2011లో ప్రకటించిన ఆ శిలీంధ్రపు జన్యుపటం జవాబిచ్చింది. దాని జన్యుపదార్థంలో సుమారు మూడో వంతు, పదేపదే వచ్చే పనికిరాని ముక్కలతో నిండిన బంజరు. మొక్క గుర్తుపట్టే ప్రోటీన్ల జన్యువులు ఆ బంజరు మధ్యలో కూర్చున్నాయి. ఈ శిలీంధ్రానికి ఒక పాత అలవాటు ఉంది, రెండుసార్లు కనిపించిన ముక్కను చెరిపేయడం. పక్కనున్న జన్యువులు కూడా ఆ చెరుపుడులో చెడిపోతాయి. కాపలాదారు గుర్తుపట్టే ముఖమే చెరిగిపోతే దొంగ దర్జాగా లోపలికి వస్తాడు. కోట్లాది సిద్ధబీజాల్లో ఒకదానికి ఇలా జరిగితే చాలు, అదే రకాన్ని ఏటేటా వేసే రైతు తన చేతులతోనే దాన్ని పెంచి పోషించినట్టవుతుంది.

అందుకే అక్కడ రకాలను వాటి నిరోధక జన్యువులను బట్టి అక్షరాల గుంపులుగా విడదీసి ఏటా జాబితా ప్రకటిస్తారు. ఒకే రకం మూడేళ్లు వేసినవారు వేరే గుంపులోని రకానికి మారాలని సూచిస్తారు. సిద్ధబీజాలు నిరుటి మోళ్ల మీద పుట్టి గాలిలో ఎగురుతాయి కనుక ఆ మోళ్లున్న పొలానికి కనీసం 500 మీటర్ల దూరంలో కొత్త చేను వేయమంటారు. చేతికి అందేంత దగ్గరలో చూడాలనుకుంటే, వాన వెలిసిన ఉదయం నిరుటి కనోలా మోడు ఒకటి తెచ్చి బెరడు మీద వేలు పెట్టండి. ఇసుకలా గరగరలాడే నల్లని గింజలు తగులుతాయి. మీ పొరుగు రైతులు పారిపోయేది వాటి నుంచే.

ప్రశ్న: విశాఖపట్నంలో మేడ మీద క్యాబేజీ, కాలీఫ్లవర్ పెంచుతున్నాను. ఆకుల మీద నల్లటి గుండ్రని మచ్చలు వచ్చి మసి అంటుతోంది. మందులు వాడను. ఏం చేయాలి?

సమాధానం: చేతికి మసి అంటిందంటే ఇది ఆల్టర్నేరియా బ్రాసికికోలా. పైన నిర్మల్ రైతుగారు చూసినదానికి తమ్ముడు. దీని సిద్ధబీజాలకు పొడవైన మెడ ఉండదు, పూసల దండలా గొలుసులు గొలుసులుగా పుడతాయి. అన్న కంటే తమ్ముడికి కాస్త వెచ్చదనం ఇష్టం, అందుకే కోస్తాలో ఎక్కువగా కనిపిస్తాడు. మచ్చలున్న కింది ఆకులను పొడిగా ఉన్న వేళ తుంచి, మొక్క దగ్గర పడేయకుండా ఇంటి బయటికి పంపేయండి. నీళ్లు మొక్క మొదట్లోనే పోయండి, ఆకు మీద చల్లవద్దు. సాయంత్రం చల్లిన నీరు రాత్రంతా నిలిచి సరిగ్గా ఈ శిలీంధ్రానికి కావలసిన తడిని ఇస్తుంది.

తెగులు చాలావరకు విత్తనంతోనే వస్తుంది. వచ్చే సారి విత్తనాలను పలుచని గుడ్డలో మూటకట్టి 50 డిగ్రీల వేడి నీళ్లలో ఉంచండి. క్యాబేజీకి 25 నిమిషాలు, కాలీఫ్లవర్‌కు 20 నిమిషాలు. వంటింటి అంచనా పనికిరాదు, మందుల దుకాణంలో దొరికే జ్వరం చూసే థర్మామీటరూ పనికిరాదు, అది 42 దగ్గర ఆగిపోతుంది. ద్రవాల వేడి కొలిచేది తెచ్చుకోండి. వేడి రెండు మూడు డిగ్రీలు పెరిగితే మొలక చస్తుంది, తగ్గితే శిలీంధ్రం చావదు. తీసిన వెంటనే చన్నీళ్లలో ముంచి నీడన ఆరబెట్టండి. పాత విత్తనాలు ఈ వేడిని తట్టుకోలేవు కనుక ముందు ఓ 20 గింజలతో చేసి, మొలిచాక మిగతావి చేయండి.

ఆకులు పంపేవారికి ఒక మనవి. చాలామంది పచ్చి ఆకును ప్లాస్టిక్ సంచిలో వేసి పంపుతున్నారు. అది నాకు చేరేసరికి కుళ్లి, అసలు తెగులు పోయి, దారిలో పుట్టిన బూజు మిగులుతోంది. మచ్చా, దాని చుట్టూ పచ్చగా ఉన్న భాగమూ రెండూ ఉండేలా ఆకును కోసి, పాత వార్తాపత్రిక మడతల మధ్య రెండు రోజులు బరువు కింద ఆరబెట్టి, కాగితపు కవరులో పెట్టండి. విత్తిన తేదీ, రకం పేరు, చివరిసారి కొట్టిన మందు పేరు ఒక చీటీ మీద రాయండి. నిర్మల్ రైతుగారు ఆ మూడో సంగతి రాయకపోతే, ఆయన డబ్బు ఎక్కడ వృథా అయిందో నేను కనుక్కోగలిగేవాణ్ణి కాదు.